మాస్టారు ఏడో పెద్ద అయ్యారు

అమ్మా, నేను కులాసా. జలుబు తప్ప మరో కష్టం లేదు.

మా ఎర్ట్‌మన్ మాస్టారు రాస్తుంటే నేను టైపు చేస్తున్న ఈ ఫ్రాంకోనియా పల్లె చరిత్రలో ఒక్క అధ్యాయం ఖాళీగా ఉండిపోయింది. పొలాల్లో సరిహద్దు రాళ్ళు పాతే ఏడుగురు పెద్దలు ప్రతి రాయి కిందా ఏదో గుర్తు పెడతారు; అదేమిటో చచ్చినా చెప్పరు. యుద్ధం తర్వాత వలసొచ్చిన ఈయనకు అసలే చెప్పరు. "మీ చెవినపడితే అచ్చులో పడ్డట్టే గదా మాస్టారూ!" అని ఆ ఏడుగురిలో ఒకడైన వెండెల్ తాత వెక్కిరించేవాడు.

మొన్న వాళ్ళలో ఒకాయన పోతే, ఆ చోట మాస్టారినే ఎన్నుకున్నారు! ప్రమాణం చేయించి పొలానికి తీసుకెళ్ళారు. మోకాళ్ళనిండా మట్టితో, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ తిరిగొచ్చారాయన.

"ఏముంది మాస్టారూ? చెప్పండి, టైపు చేస్తాను."

"చూశాను రోస్వితా! ఇక ప్రాణం పోయినా చెప్పకూడదు. ఆ అధ్యాయం కొట్టెయ్."

"ఇన్నేళ్ళు దానికోసమే కదండీ తిరిగారు!"

"కొట్టెయ్యమ్మా," అని నవ్వి, మట్టి ప్యాంటు కూడా మార్చుకోకుండా వాళ్ళతో బీరు తాగడానికి వెళ్ళిపోయారు.

నాన్న దగ్గు తగ్గిందా? నా ఉన్ని మేజోళ్ళు పంపు. బామ్మకు నా ముద్దులు. అధ్యాయం పోయింది గనక పుస్తకం పూర్తయినట్టే. శనివారం బండికి వస్తున్నాను. రాయి కింద ఏముందని మాత్రం అడగకు, ఆయన నాకూ చెప్పలేదు.

నీ రోస్విత