నేను చెరిపేసిన కబురు

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. నాకే ఒంట్లో ఓపిక లేదు. కుర్చీలోంచి లేవాలన్నా విసుగే, కూర్చోవాలన్నా విసుగే.

వదిన కొత్త ఊళ్లో కుదురుకున్నందుకు సంతోషం. మన ఆఫీసులో నీ పాత సీటు ఎవరికిచ్చారని అడిగావు. ఎవరికీ ఇవ్వలేదు. పాడైన కీబోర్డులు పడేస్తున్నారు దాని మీద.

నీ కోడ్‌లో తప్పెక్కడుందో తేలిందా అని కూడా అడిగావు. ఆ ఒక్క ముక్కకు జవాబు రాయలేకే ఇన్నాళ్లు జాగు చేశాను. ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను.

ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పేజీలో బయటివాళ్లు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ ఒకటి వాడాం కదా. బుకింగ్ పూర్తి కాగానే నర్సుకు కబురు వెళ్లేలా దాని ఫంక్షన్‌కు నువ్వొక కాల్‌బ్యాక్, అదే ఆ పని ముగియగానే దానంతటదే నడిచే కోడ్ ముక్క, తగిలించావు. రోగికి కూడా మెసేజ్ వెళ్లాలని మేనేజర్ నాకు చెబితే, నా కాల్‌బ్యాక్ తెచ్చి అక్కడే తగిలించాను. అక్కడ ఒక్కదానికే చోటు. నాది పెడితే నీది పోతుందని తట్టలేదు. ముందు నీది నడిచి, తరువాత నాది నడిచేలా రెండూ కలిపి కట్టాల్సింది.

మూడు రోజులు రోగులకు మెసేజ్‌లు వెళ్లాయి, నర్సుకు ఒక్క కబురూ వెళ్లలేదు. రక్తపరీక్షకని పరగడుపున వచ్చిన పెద్దాయన సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని కళ్లు తిరిగి పడిపోయాడు. నర్సుకు కబురు పంపే కోడ్ నీది కనక నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. నాది చక్కగా పనిచేస్తోంది కాబట్టి నా వంక ఎవరూ చూడలేదు.

తప్పు నాదేనని ఆయన పడిపోయిన రోజే నాకు తెలిసిపోయింది. గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేశాను. ఆ వారంలోనే నా ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు, అందుకే నోరు మూసుకున్నాను అన్నయ్యా. నువ్వు సామాను సర్దుకుంటుంటే అట్టపెట్టెకు టేపు అంటించింది కూడా నేనే.

ఇవాళ పొద్దున మేనేజర్‌కు పాత కోడ్ తెరిచి అంతా చూపించాను. ఆయన చదివి, "ఆరు నెలలైందమ్మా, అందరూ మర్చిపోయారు. ఇప్పుడెందుకు?" అన్నారు.

"మా అన్నయ్య మర్చిపోలేదండి" అన్నాను.

తప్పు నీది కాదని కాగితం మీద రాసి పంపిస్తామన్నారు. నన్ను ఉంచుతారో లేదో సోమవారం చెబుతారట. నిన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. వదినతో మాత్రం ఈ ఉత్తరం అందగానే చెప్పు, నువ్వు పనిలో ఏ పొరపాటూ చెయ్యలేదని.

ఇట్లు,
తల ఎత్తలేని నీ చెల్లెలు