ఎనక అర్ర ఖాళీ అయింది

హారిక డాడీ,

పిల్లను తీస్కొని డోర్నకల్ మా అక్కోళ్లింటికి పోతాన, బండికి టైమైంది. అన్నం, పప్పుచారు స్టవ్ మీదున్నయి, వేడి చేసుకో. ఎనక అర్ర చూసి లొల్లి పెట్టకు. పాత పేపర్లు, పగిలిన బకెట్లు, మోటరు లేని ఆ కూలరు అన్నీ నిన్న పాత సామాన్ల బండికి ఏసిన. పోయినసారి లెక్క బండెంట ఉరికి కూలర్ని మళ్ల మోసుకురాకు. ఆ దుమ్ముకే పిల్లకు దగ్గని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది? రాత్రి అదే అర్రల పండుకుంటే ఒక్కసారి గూడ దగ్గలే. నాకు గూడ నెత్తి మీది బరువు దిగినట్టయింది, పొద్దుగాల పాట పాడుకుంట వాకిలూడ్సిన. కిటికీ తెరిచే ఉంచు. ఖాళీ జాగ కనపడ్డదని అట్టపెట్టెలు తెచ్చి నింపకు. "రేపు పనికొస్తది" అనుడు ఇగ బంద్.

అరుణ

ఇంకో మాట. కాలిరిగిన కుర్చీని గూడ బండెక్కించిన. బండి సందు మలిగినంక నేనే ఉరికి దాన్ని వాపస్ తెచ్చిన. డ్యూటీ నుంచి వచ్చి దాని మీదనే కూసొని బూట్లిప్పుతవు గదా. వాకిట్ల అది లేకపోతే నువ్వు ఇంక ఇంటికి రానట్టే అనిపిచ్చింది. నవ్వకు, ముందుగాల దాని కాలుకు మేకు కొట్టు.