చంద్రభాగ ఇసుకలో వియ్యపురాలు

వాఖరి బస, పండరి దారి,
దశమి పొద్దున.

ఏమండీ,

మీ గోదా క్షేమంగానే ఉంది. మడమలు పగిలాయి, గొంతు పోయింది, ఆకలి మాత్రం రెట్టింపైంది. దారిపొడవునా ఊళ్ళవాళ్ళు ఆపి మరీ జొన్నరొట్టె, పిఠ్లా అనే శనగపిండి కూర పెడుతుంటే వద్దనడానికి నోరెలా వస్తుంది? నిన్న కుండపోత వాన. తులసికుండీ నెత్తిన మోసే వంతు నాది. ముఖం మీద నీళ్ళు ధారగా కారుతున్నా దించలేదు, పాట ఆపలేదు. మీరు చూసుంటే, "ఇంట్లో బిందె ఎత్తమంటే నడుం పట్టేసిందంటావే!" అని దెప్పేవారు. మీరు సజ్జలు విత్తుకుంటూ ఊళ్ళోనే ఉండిపోవడం నాకు మంచిదే అయింది.

అసలు సంగతి మీకు చెప్పకుండా వచ్చాను. ఈ ఏడు నేను నడుస్తున్నది పుణ్యం కోసం కాదు. మన కోడలు శాలన్ పురిటికని పుట్టింటికి వెళ్ళి, మైనాను కని, బారసాల కూడా జరిపించుకుంది. ఆ బారసాలకు నన్ను పిలవడానికి వియ్యపురాలు సర్జాబాయి స్వయంగా వచ్చిందా? కుంకుమ బొట్టు పెట్టిందా? వాళ్ళ నూనె కొట్లో పనివాడితో కబురంపింది! మగపెళ్ళివారిని పిలిచే తీరు అదేనా? నేను వెళ్ళలేదు. "రాకపోతే మానె, ఆమె ఏమన్నా సతారా మహారాణీయా?" అందట. ఆ మాట నా చెవిన పడ్డాకే, ఆవిడ నా కాళ్ళకు మొక్కితే తప్ప ఆ గడప తొక్కనని, కోడల్నీ పిల్లనీ తెచ్చుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

మీరంతా అది కోపమనుకున్నారు. ఎవరింట్లో పసిబిడ్డ ఏడ్చినా నా చేతులు వాటంతటవే ముందుకు చాచుకుంటున్నాయండీ. మైనా బోర్లా పడుతోందని, బోసినోటితో నవ్వుతోందని మన అబ్బాయి ధోండి చూసొచ్చి చెబుతుంటే, వినబడనట్టు రొట్టెలు కాల్చుకుంటూ కూర్చున్నాను. అన్న మాట ఎలా వెనక్కి తీసుకుంటాను? రేపు విఠోబా పాదాల మీద తల ఆనించి ఒక్కటే అడుగుతాను, ఆ సర్జాబాయిని నా కాళ్ళ దగ్గరికి తీసుకురమ్మని. తెచ్చాడా, సరే. తేలేదా, మనవరాలిని చూసే రాత నాకు లేదనుకుంటాను.

గేదెను కోప్పడకండి. అది నాకోసం బెంగపెట్టుకుని ఉంటుంది.

మీ
గోదా


పండరిపురం,
ఏకాదశి మధ్యాహ్నం.

ఏమండీ,

ఒంటిచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి. నవ్వకుండా చదవండి. లేదులెండి, నవ్వండి. ఇక్కడ అందరూ నవ్వేశారు.

పొద్దున్నే చంద్రభాగలో మునిగి, నుదుట నల్లటి బుక్కాపొడి పెట్టుకుని, తడిచీరతో ఇసుకలోకి వచ్చాం. ఎటు చూసినా జనం, తాళాల మోత. ఇక్కడ ఎవరు ఎదురుపడినా "మావులీ" అని, అంటే అమ్మా అని, పాదాలకు మొక్కాలి కదా. చిన్నా పెద్దా లేదు. మా జట్టు పెద్ద కోండిబా బువా అంతటివాడు కూడా చెప్పులు కుట్టే ముసలాయన కాళ్ళ మీద పడ్డాడు. ముందు పాదాలు, తర్వాతే ముఖం. నేనూ ఆ ఊపులోనే ఉన్నాను. ఎదురుగా రెండు పాదాలు కనిపించాయి. వాచిపోయి, బొబ్బలకు గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. పాపం, ఎంత దూరం నుంచి నడిచొచ్చిందో ఈ తల్లి అనుకుని వంగాను. ఆమె కూడా అప్పుడే వంగింది. రెండు తలలూ ఠంగుమన్నాయి.

"మావులీ, అది తలా బండరాయా?" అన్నాను తలెత్తకుండానే.

"నీదేమన్నా దూదా?" అంటూ ఆమె తలెత్తింది.

సర్జాబాయి! పక్క వీధికి కూడా బండి కట్టించుకునే సర్జాబాయి!

ఇద్దరి చేతులూ ఇంకా ఒకరి పాదాల మీద ఒకరివి ఉన్నాయి. నిప్పు తొక్కినట్టు లాగేసుకున్నాం.

"నువ్వే ముందు మొక్కావు," అంది.

"కాదు, నువ్వే. నీ జుట్టు నా కాలికి తగిలింది, ఇదిగో తడి!"

"ఎవరో మావులి అనుకుని వంగానమ్మా. నువ్వని తెలిస్తే వంగుతానా? ఇది లెక్కలోకి రాదు."

"అయితే నాదీ రాదు!"

"అసలు నేనెందుకు నడిచొచ్చానో తెలుసా?" అంది ఉక్రోషంగా. "నిన్ను నా కాళ్ళ మీద పడెయ్యమని విఠోబాని అడుగుదామని! అప్పటిదాకా నా కూతుర్ని పంపనని మొక్కుకున్నాను."

అచ్చంగా నా కోరికే కదండీ అది! చుట్టూ జనం మూగారు. విషయం వినగానే కోండిబా బువా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇద్దరి మొక్కులూ ఒకే దెబ్బకు తీర్చేశాడు. ఇంకా బేరమేమిటి తల్లీ? ఎవరో మావులి అనుకుని వంగామంటారా? ముఖం చూశాక మావులి కాకుండా పోయిందా?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మళ్ళీ ఆ పాదాల వంక చూశాను. గుడ్డపీలికల్లోంచి నెత్తురు ఉబికింది. నామీద పంతంతోనే అయితేనేం, అంత దూరం నడిచింది. తప్పు ఆవిడదేనండీ, ఆ సంగతిలో నేనేం మారలేదు. కానీ ఈసారి ముఖం చూసి, సర్జాబాయేనని తెలిసే వంగాను. మొక్కాను. సిగ్గనిపించలేదు, ఒళ్ళు తేలికైంది.

ఆవిడ గబుక్కున నన్ను లేవదీసి వాటేసుకుంది. "అయ్యో వదినా, నేను మొక్కుదామనుకునేలోపే మొక్కేశావే!" అని ఏడ్చింది. కుంకుమ దగ్గర లేకపోతే తన నుదుటి బుక్కానే వేలికి రాసి నాకు బొట్టు పెట్టింది. "మా ఇంటికి రా వదినా. మనిషిని పంపడం కాదు, నేనే పిలుస్తున్నాను."

ఆ తర్వాత ఎవరు ముందు చేయి పట్టుకున్నారో తెలియదు. ఇద్దరం ఇసుకలో ఒప్పులకుప్ప తిరిగాం. ఆవిడ బొబ్బలూ నా నడుమూ ఎక్కడికి పోయాయో! తాళాలవాళ్ళు మాకోసం జోరు పెంచారు. తల తిరిగి ఇద్దరం చతికిలపడి, లేవలేక నవ్వుకున్నాం.

దర్శనం వరుసలో నిలబడదామని లేచేసరికి అంది, "శాలన్, పిల్ల నిన్న మా ఆయనతో మోటారులో వచ్చారు. ఆ సందులోని సత్రంలోనే ఉన్నారు."

వరుస ఊరు దాటి పోయింది. ఒకసారి దూరితే రేపటికి గానీ బయటపడం. నేను గుడి శిఖరానికి దండం పెట్టి, సత్రం వైపు పరుగెత్తాను. సర్జాబాయి కుంటుతూ నా వెనకే.

ఎత్తుకోగానే మైనా గుక్కపట్టింది. "నానమ్మను చూసి జడుసుకుంది!" అంది సర్జాబాయి. శాలన్ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నేను ఆ బుజ్జిపాదాలు కళ్ళకద్దుకున్నాను. బొటనవేలు ముక్కుకు తగిలిందో లేదో, ఏడుపు ఆపి నన్నే చూసింది. దాని ముక్కు అచ్చం మీ ముక్కేనండీ. ఏం చేస్తాం, దాని అదృష్టం.

పౌర్ణమి దాటాక అందరం వస్తున్నాం. సర్జాబాయి కూడా. ధోండికి చెప్పండి, ఉయ్యాల దింపి దుమ్ము దులపమని.

"లే వదినా, ఇప్పుడైనా వరుసలో నిలబడదాం. పండరికొచ్చి పాదాలు చూడకుండా పోతావా?" అని ఆవిడ ఇందాకటినుంచీ పోరుతోంది. రేపు పోదాంలే అంటున్నాను. కన్నవాళ్ళ సేవలో ఉన్నాను, కాసేపాగమని పుండలీకుడు ఇటుక విసిరితే, ఆ ఇటుక మీద ఇన్ని యుగాలుగా నిలబడ్డాడు స్వామి. ఆయనకు ఆగడం అలవాటే. మైనా ఇప్పుడే నా ఒళ్ళో నిద్రపోయింది.

మీ
గోదా