అట్టకు గుచ్చిన బోల్టులు

జనగామ,
బుధవారం.

బాపుకు నీ చిన్నబిడ్డ శృతి దండం పెట్టి రాస్తున్నది. ఇంట్లో ముగ్గురం పాణంతో బాగున్నాం. నీ ఆరోగ్యం కోసం అవ్వ రోజూ దీపం పెట్టి మొక్కుతున్నది. జైల్లో నీకు ఉత్తరాలు చదివిపెడుతున్న మధుకర్ అన్నకు నమస్కారాలు. అన్నా, ఈసారి ఉత్తరం పెద్దది. ఏదీ వదలకుండా చదవండి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. బచ్చన్నపేట వైపు పత్తి ఏరడానికి పోతున్నది. నీ దుప్పటి శనివారం ములాఖత్‌కు ఐలేశ్ అన్న తెస్తాడు. నా డిగ్రీ పరీక్షలు ఎండాకాలంలో.

"బండి ఎట్లున్నది, నీళ్లు చూసి పోస్తున్నరా, నేనొచ్చేదాకా అమ్మకుండ్రి" అని ప్రతిసారీ రాయిస్తావు. పోయిన రెండు ఉత్తరాల్లో నడుస్తున్నదని రాశాను. అది అబద్ధం బాపూ. మన లారీ నెల రోజులుగా యాకయ్య తాత షెడ్డు ముందు కదలకుండా ఉన్నది. సోమవారం పాత ఇనుము కొనేవాళ్లు వస్తారు. ఐలేశ్ అన్న అమ్మడానికి ఒప్పుకున్నాడు. నువ్వు బయటికి వచ్చేసరికి నీ బండి ఉండదేమో అని నాకు అన్నం దిగడం లేదు.

దసరా అయ్యాక అన్న మహబూబాబాద్‌లో ఎరువుల లోడు దించి వస్తుంటే మరిపెడ దగ్గర ఇంజన్ ఉడికిపోయింది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు పోసిన చాయ్ లాగా ఉన్నది. "హెడ్ గ్యాస్కెట్ పోయింది బిడ్డా, నీళ్లు ఆయిల్ల కలుస్తున్నయ్" అన్నాడు తాత. నీకు చెప్పేదేముంది కానీ, మధుకర్ అన్న కోసం రాస్తున్నాను: ఇంజన్‌కూ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే పలుచని బిళ్ల అది. బోల్టులన్నీ సమానంగా అదిమి పట్టుకుంటేనే నిలుస్తుంది.

కొత్త మెకానిక్‌లు మన ఇంజన్‌ను చూసి "గిది మాతోని కాదు" అన్నారు. యాకయ్య తాత ఒక్కడే చెయ్యి వేశాడు. ఆయన పద్ధతి నీకు తెలుసు. విప్పిన ప్రతి బోల్టునూ, హెడ్ మీద ఏ చోటిదో ఆ చోటే వచ్చేలా అట్టకు గుచ్చాడు. "ఎక్కడిది అక్కడికే పోవాలె. నాకు సదువు రాదు గద, గిదే నా నోటుబుక్కు" అని నవ్వాడు. ఇప్పుడాయనకు చూపు మందగించింది. ఆ అట్టను తడుముకుంటూనే పని చేస్తాడు.

కొత్త గ్యాస్కెట్ వేశాక మూడు ట్రిప్పులు బాగానే తిరిగింది. నాలుగోసారి భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి నుంచి పత్తి తెస్తుంటే మళ్లీ అదే తెల్లపొగ. బండిని గుంజుకొచ్చి షెడ్డు ముందు పెట్టి, అన్న పదిమందిలో అరిచాడు.

"కండ్లు కనవడనోనివి పానా ఎందుకు పట్టినవ్ తాతా? నీ చెయ్యి పోయింది!"

తాత పానాను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. "నిజమే ఐలేశూ. ఇగ పట్ట" అన్నాడు. ఆ రోజు నుంచి షెడ్డుకు రావడం లేదు. ఆయన చేతిని నమ్మిన డ్రైవర్లు కూడా వేరే షెడ్లకు పోతున్నారు.

నేను అక్కడే ఉన్నాను బాపూ. 

ఆ తప్పు తాతది కాదు. నాది.

గ్యాస్కెట్ తేవడానికి తాత వరంగల్ పోయిన రోజు నేను షెడ్డులో కూర్చున్నాను. బోల్టులు మసిపట్టి నల్లగా ఉన్నాయి. చదువుకున్నదాన్ని, నా వంతు సాయం చేయాలనుకున్నాను. అన్నీ తీసి డీజిల్‌తో కడిగి తుడిచాను. అన్నీ ఒకటే అనుకుని, చేతికి వచ్చినట్టు అట్టకు గుచ్చాను. ఒకటి కొంచెం పొట్టిగా కనిపించింది. అరిగిందనుకున్నాను. తాత వచ్చి తడిమి చూసి, "అద్దం లెక్క జేసినవ్‌రా" అని మెచ్చుకున్నాడు. తర్వాత అడిగాడు: "ఎక్కడియి అక్కడనే గుచ్చినవా?"

తిడతాడని భయపడి "ఆ" అన్నాను.

పోయిన ఆదివారం బట్టలు ఉతుకుతుంటే నువ్వు అన్నం తింటూ చెప్పే ముచ్చట యాదికొచ్చింది. దారిలో హెడ్ బోల్టు విరిగి ముక్క రంధ్రంలోనే ఉండిపోతే, ఇంకో బోల్టును కోసి పొట్టిగా చేసి బిగించి ఇంటికి వచ్చానని చెప్పేవాడివి కదా. తడి చేతులతోనే షెడ్డుకు ఉరికాను. హెడ్ మీది రేకు మూత తీసి, ప్రతి బోల్టు తల కింద గోరు పెట్టి చూశాను. ఒకదాని కింద గోరు దూరింది. ఆ పొట్టి బోల్టు చోట నేను గుచ్చిన పొడుగు బోల్టు, రంధ్రంలో ఉండిపోయిన ముక్కకు తగిలి ఆగిపోయింది. తాత పానాకు అది బిగిసినట్టే తెలిసింది. హెడ్‌ను మాత్రం పట్టుకోలేదు.

మూడు రోజులుగా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చదువు వచ్చినది నేనొక్కదాన్నే. చదువు రాని మనిషి నమ్మకంగా దాచుకున్న రాతను చెరిపింది కూడా నేనే.

ఇక్కడిదాకా రాసి, ఈ కాగితాలు పట్టుకుని తాత ఇంటికి పోయాను. ఆయన ముంగిట్లో నులకమంచం మీద ఉన్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. నేను ఆగినప్పుడల్లా "సదువు" అన్నాడు. అయిపోయాక చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"గిదంత మీ బాపుకు పంపుతున్నవా?"

"పంపుతున్న తాతా."

"మీ అన్నకు?"

"ఇంటికి పోంగనే సదివి వినిపిస్త."

"అయితే కింద ఇంకో మాట రాయి. యాకయ్య చెయ్యి పోలేదని రాయి."

ఆయన ముందే రాశాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

లేచి లోపలికి పోతూ, "పొద్దుగాల మంచి అట్ట ఒకటి పట్టుకరా. ఈపారి కడిగినవంటే చేతులిరుగుతయ్" అన్నాడు.

రెండుసార్లు ఉడికిన వేడికి హెడ్ వంగిందో, పగిలిందో విప్పితే గాని తెలియదు. సోమవారానికి మధ్యలో నాలుగు రోజులే ఉన్నాయి. బండి నిలుస్తుందని మాట ఇవ్వలేను బాపూ. కానీ తాత చెప్పిన మాట నువ్వు కూడా వినాలి: యాకయ్య చెయ్యి పోలేదు.

ఇట్లు,
ఈసారి నిజమే రాసిన నీ బిడ్డ,
శృతి