ముందు చేయి పెట్టి చూడు

అన్నయ్యా,

బట్టలు సబ్బునీళ్లలో నానుతున్నాయి, డ్యూటీ నుంచి రాగానే జాడించి ఆరెయ్. తర్వాత పడుకోకుండా మెకానిక్ షెడ్డుకి వెళ్లు. మన వ్యాన్‌కి నాన్న కొంటానంటున్న రీబిల్డ్ ఇంజిన్‌ని, అదే విప్పి బాగుచేసిన పాతదాన్ని, నిన్న మేమిద్దరం వెళ్లేసరికే కాసేపు నడిపి ఉంచారు. చేయి పెడితే వెచ్చగా తగిలింది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే కదా పొగా, చప్పుడూ బయటపడేది! ఆ మాటంటే నాన్న, "దానికి జ్వరం చూస్తున్నావా తల్లీ?" అని మెకానిక్ ముందే నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చల్లారిన ఇంజిన్ నడిపి చూపించేదాకా వ్యాన్‌లో ఉన్న మన ఇంజిన్ విప్పనివ్వకు. విప్పితే వ్యాన్ కదలదు, దాని మీద నడిచే మన తిండి వాళ్ల చేతిలో పెట్టినట్టే. నీ మాటైతే నాన్న వింటాడు.

ఇంకోటి: నాన్న ఇప్పుడే నా వెనక నిలబడి ఇదంతా చదివాడు. ఇవాళ షెడ్డుకి తోలుకెళ్తానన్న వ్యాన్ తాళాలు ఈ చీటీ మీద పెట్టి, నడిచి వెళ్లిపోయాడు.