గార్డు డబ్బా ఆగే చోటు

సరాయి హాల్టు,
వైశాఖం, 1969.

నా మల్లక్కకు,

నీ చెల్లె అనసూర్య దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం, నేనే బాగాలేను. దవాఖానకు పోయే రోగం కాదు. భయం.

నీ మరిదికి గోదావరిఖనిలో క్వార్టరు వచ్చింది, వచ్చెయ్యమంటున్నాడు. నేను రానని ఈ ఆదివారం ఆయన వచ్చినప్పుడు చెప్పేస్తాను. బొగ్గుబాయి మానేసి వాళ్లమ్మతో ఈ సరాయి నడుపుకుంటేనే కాపురం, లేకపోతే లేదు. ఎందుకింత మొండికేశానో నీకొక్కదానికే చెబుతున్నాను.

నువ్వు చూశావుగా, నిజాం కాలపు సరాయి మాది. గోడలకు గుర్రాలు కట్టేసే కడియాలు ఇంకా ఉన్నాయి. దిగిన ముసాఫిర్లకు మా అత్త సారవ్వ నీళ్లు తోడి, రొట్టెలు చేసి పెడుతుంది. సరాయి ఉండబట్టే ప్యాసింజరు ఇక్కడ ఆగుతుంది. ఇంజను వేపచెట్టు దగ్గర ఆగితే, చివరి గార్డు డబ్బా ఎక్కడో వెనక తుమ్మల్లో ఉంటుంది. రోజూ అంతే. కానీ బాయిలో ఎవరైనా పోతే శవాన్ని గార్డు డబ్బాలో తెస్తారు. దీపాలు పెట్టాక శవం ఊళ్లోకి పోకూడదని తెల్లారేదాకా మా అరుగు మీదే ఉంచుతారు. అందుకని ఆ రోజు డ్రైవరు బండిని ముందుకు లాగి, గార్డు డబ్బాను మా కమాను వాకిలి ఎదుటే ఆపుతాడు.

ఇంజను వేపచెట్టు దాటిందంటే చేతిలో పని వదిలేసి గడప దగ్గరికి ఉరుకుతానక్కా. మొన్న రాయమల్లును అట్లాగే దించారు. "వదినె, కారం జెర తక్కువెయ్యి" అని నా చేతి రొట్టె తిని డ్యూటీకి పోయిన మనిషి. ఆ అరుగు నేనే కడిగాను. మా అత్తకు మాత్రం ఇవేవీ పట్టవు. బండి వచ్చే వేళకు పట్టాలకు వీపు పెట్టి రొట్టెలు కొడుతూ ఉంటుంది, తిరిగి కూడా చూడదు. ఏం గుండెనో!

నీ అనసూర్య


గోదావరిఖని,
జ్యేష్ఠం.

అక్కా,

పైన ఊరి పేరు చూసి ఆశ్చర్యపోతున్నావా? ఆ ఆదివారం సాయంత్రం ఏమైందో విను.

ఇంజను వేపచెట్టు దాటింది. ఆగలేదు. గార్డు డబ్బా వచ్చి మా కమాను ఎదుట నిలబడింది. తలుపు తెరిచారు. తెల్ల దుప్పటి చుట్టిన పొడుగాటిది ఒకటి నలుగురు మోస్తూ దించుతున్నారు. ఆదివారం వస్తానన్నది ఆయనొక్కడే కదా! నాకు ఇంకేం తెలియలేదక్కా. చేతులు రెండూ గడపరాయికేసి కొట్టుకున్నాను. గాజులన్నీ పగిలి రక్తం కారింది.

"ఏందే, నేను సచ్చిన్ననుకున్నవా?"

ముందు వైపు మోస్తున్నది ఆయనే! దుప్పట్లో ఉన్నది ఇనుప మంచం. వాళ్లమ్మ నేల మీద పండుకోలేకపోతున్నదని కొన్నాడట. బరువు ఎక్కువని గార్డును బతిమాలి అక్కడ ఆపించాడట. పగిలిన గాజులు చూసి ఆయన ముఖం పాలిపోయింది. నేను ఏడుస్తూ తిట్టాను, తిడుతూ కొట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది అత్త. పొయ్యి మీద రొట్టె మాడి పొగ లేస్తోంది. ఆమె మాత్రం పిండిముద్ద పిడికిట్లో పట్టుకుని, పట్టాలకు వీపు పెట్టే, తల తిప్పకుండా అడుగుతోంది.

"అనసూర్యా, ఎవ్వలే? మన ముత్యమేనా? చెప్పవే బిడ్డా, నాకు చూడ చాతనైతలేదు."

ఆయన పోయి ముందర కూచుంటే పిండిచేతులతో ఆ ముఖమంతా తడిమింది. ఎన్నేళ్ల నుంచో ఆమె అట్లా వీపుతోనే బండిని వింటోంది. నేను రాతిగుండె అనుకున్నాను.

తెల్లారి నా చేతులకు తనే గుడ్డ కట్టి, "నువ్వు పో బిడ్డా. ఆడైతే మనిషినన్న చూస్తవు. ఈడ డబ్బాను చూసుడేనాయె" అన్నది. తను రానన్నది. ముసాఫిర్లకు రొట్టెలు ఎవరు పెడతారంటుంది.

వచ్చేశాను. కొత్త గాజులు ఆయనే తొడిగించాడు. భయం పోయిందనుకోకు. బాయి సైరను మోగితే వాకిట్లోకి ఉరుకుతాను. నల్లటి ముఖాల్లో ఆయన పళ్లు కనిపించేదాకా లోపలికి రాను.

నాకొక్క పని చేసిపెట్టక్కా. వీలైనప్పుడల్లా మీ కమాన్‌పూర్ నుంచి సరాయికి పోయి, సాయంత్రం అత్త పక్కన కూచో. ఆమె అడగదు. నువ్వే బండి వైపు చూసి, ఇంజను వేపచెట్టు దగ్గరే ఆగిందని గట్టిగా చెప్పు.

నీ చెల్లె,
అనసూర్య