బియ్యంలో రాసిన జ్రూమి

అన్నయ్యా,

మనిషి చంద్రుడి మీద దిగిన ఏడాది, తెనాలి ఇంట్లో మనిద్దరం వారపత్రిక సీరియల్లోని గ్రహాంతరవాసుల మీద సొంత కథలు అల్లేవాళ్ళం. "వాళ్ళకి దేవుళ్ళ పేర్లూ తాతల పేర్లూ పెట్టకూడదే. భూమ్మీద ఎవరికీ లేని పేరే పెట్టాలి" అనేవాడివి.

నిన్న రేపల్లెలో మా పాపకి బారసాల చేశాం. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు కదా, అత్తయ్య బెంగపడ్డారు. "పెంటమ్మ అని పెట్టమ్మా. అలాంటి పేరైతే చావు దీని జోలికి రాదు" అన్నారు. నాకు మనసొప్పలేదు. చావుకి అసలు తెలియని పేరైతే ఇంకా మంచిదనుకున్నాను. ఆయన చేత పళ్ళెంలోని బియ్యంలో 'జ్రూమి' అని రాయించాను.

"ఇదేం పేరే?" అన్నారు అత్తయ్య.

"మా అన్నయ్య కథలో పేరండి."

నువ్వు పోయినప్పటి నుంచి నీ మాటొస్తే ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

తరవాత పాపకి పాలిస్తుంటే నువ్వు పెట్టిన రెండో నియమం గుర్తొచ్చింది. అలాంటి పేరున్నవాళ్ళు కథ చివర తమ లోకానికి వెళ్ళిపోవాల్సిందే.

ఇవాళ పొద్దున్నుంచీ దాన్ని నేనే పెంటమ్మా, పెంటమ్మా అని గట్టిగా పిలుస్తున్నాను. నువ్వు మాత్రం అక్కడి నుంచి జ్రూమీ అని పిలవకు అన్నయ్యా.

నీ చెల్లి